ముందు విప్పారు, తర్వాత బిగించారు

1929లో కైరోలోని ఒక పాత ఇనుప సామాన్ల కొట్లో కొన్ని ఉక్కు దోనెలు అమ్ముడుపోయాయి. మొదటి ప్రపంచ యుద్ధంలో సైనికులు తలదాచుకునే గోతుల మీద కప్పు వేయడానికి చేసిన సరుకు అది. ఒక్కొక్కటీ అయిదడుగుల పొడవుంటుంది. యుద్ధం ముగిసి పదేళ్ళు దాటింది కాబట్టి వాటితో ఎవరికీ పని లేదు. కొన్నవాళ్ళు రాల్ఫ్ బాగ్నాల్డ్ అనే ఇంగ్లీషు సైనికాధికారి, అతని స్నేహితులు. ఈజిప్టు పడమటి కొసన, లిబియా వైపు పరుచుకున్న మహా ఇసుక సముద్రంలోకి మామూలు ఫోర్డు కార్లు తోలుకుపోవాలని వాళ్ళ పట్టుదల. చక్రం కూరుకుపోతే దాని ముందు ఇసుకలో గాడి తీసి, దోనెను టైరు కిందకు దోపి, మిగతావాళ్ళు వెనక నుంచి తోస్తుంటే బండిని దాని మీదుగా ఎక్కించాలి. బండి ఆగకుండా సాగుతుంటే దోనె పట్టుకుని పరుగెత్తి మళ్ళీ ముందు వేయాలి. ఈ రోజు ఆఫ్‌రోడ్ బండ్ల పక్కన నారింజ రంగులో వేలాడే ప్లాస్టిక్ పలకలు చేసే పని సరిగ్గా ఇదే.

నేను విజయవాడ ఆటోనగర్‌లో జీపులకు కమాన్లు, ఆక్సిళ్ళ పని చేస్తుంటాను. మారేడుమిల్లి అడవి దారులనీ, వంజంగి కొండనీ, లద్దాఖ్ అనీ చెప్పి బండి సిద్ధం చేయించుకునేవాళ్ళు ఈ మధ్య బాగా పెరిగారు. వచ్చేటప్పుడే ఫోన్లో ఒక ఫొటో తెస్తారు. ఎత్తు పెంచిన బండి, ముందు ఇనుప బంపరు, నెత్తిన లైట్ల వరస, పక్కన నిలువుగా స్నార్కెల్ గొట్టం. “ఇట్లా చేసిపెట్టన్నా” అంటారు. “ఏ దారిలో పోతున్నావు తమ్ముడూ? ఎంత దూరం? పెట్రోలు బంకు ఎక్కడుంది?” అని అడిగితే చాలామంది ఇంకా అంతదాకా ఆలోచించి ఉండరు. ఈ ప్రశ్నలకు పూర్తి జవాబు రాసుకున్నాకే స్పానరు చేత పట్టినవాళ్ళు కాబట్టే బాగ్నాల్డ్ బృందమంటే నాకు అంత గౌరవం. బండికి ఏది తగిలించాలి, ఏది తీసేయాలి అన్న విద్య ఎలా పుట్టిందో తెలుసుకోవాలంటే వాళ్ళ దగ్గరికే వెళ్ళాలి.

ఆ ఎడారిలో కారు తోలినవాళ్ళలో వాళ్ళు మొదటివాళ్ళు కాదు. 1916 నుంచే బ్రిటిష్ సైన్యంవారి లైట్ కార్ పెట్రోల్స్ అక్కడ ఫోర్డు మోడల్-టి కార్లతో తిరిగాయి. ఆ ఇంజను బలం 20 హార్స్‌పవర్. ఇవాళ మన వీధుల్లో తిరిగే అతి చిన్న కారులో కూడా దానికి మూడింతలు ఉంటుంది. అయినా తేలిక బండి కావడంతో భారీ కార్లు దిగబడ్డ చోట అది దాటిపోయింది.

ఫ్రెంచివాళ్ళది వేరే దారి. అడాల్ఫ్ కెగ్రెస్ అనే ఇంజనీరు ఒకప్పుడు రష్యా చక్రవర్తి కార్ల షెడ్డు చూసుకునేవాడు. మంచులో నడవడానికి వెనక చక్రాల స్థానంలో రబ్బరు పట్టాలు తిరిగే ఏర్పాటు కనిపెట్టాడు. సిట్రోయెన్ కంపెనీ దాన్ని తీసుకుని 1922 డిసెంబరు 17న అయిదు బండ్లతో అల్జీరియాలోని టుగ్గూర్ నుంచి బయల్దేరదీసి, 1923 జనవరి 7 నాటికి సహారా దాటించి టింబక్టూ చేర్చింది. గొప్ప విజయమే, అందులో సందేహం లేదు. ఈజిప్టు రాకుమారుడు కమాల్ ఎల్ దీన్ హుస్సేన్ కూడా ఆ పట్టాల బండ్లే తీసుకుని దక్షిణాన తిరిగి, 1926లో అక్కడి పెద్ద పీఠభూమికి గిల్ఫ్ కెబీర్ అని పేరు పెట్టాడు. కానీ ఆ బండ్లు నెమ్మది, బరువెక్కువ, పెట్రోలు బాగా తాగుతాయి. రాకుమారుడి యాత్రల వెనక ఒంటెల బిడారుల సాయం ఉండేది. అదే కంపెనీ 1931లో అలాంటి రెండు బండ్లను మన శ్రీనగర్ నుంచి హిమాలయాల మీదుగా గిల్గిట్ దాకా తీసుకుపోయింది. దారి తెగిన చోట్ల బండి విప్పి కూలీల వీపుల మీద మోయించి, అవతల మళ్ళీ బిగించారు. గిల్గిట్ తర్వాత బండ్లు వదిలేసి గుర్రాలెక్కారు. డబ్బుకూ మనుషులకూ కొదవ లేనివాళ్ళకు సాధ్యమైన పద్ధతి అది.

బాగ్నాల్డ్‌కు ఆ రెండూ లేవు. 1926లో ఈజిప్టుకు బదిలీ అయిన సిగ్నల్స్ విభాగం అధికారి అతను. యాత్రలన్నీ సొంత సెలవుల్లో, స్నేహితులు తలా ఇంత వేసుకున్న డబ్బుతో చేశాడు. తర్వాత ఇండియాకు మార్చినా సెలవు పెట్టుకుని మళ్ళీ ఆ ఎడారికే వెళ్ళాడు. ఒంటెల బిడారు పెట్టే స్తోమత లేదు కాబట్టి తాగే నీళ్ళు, పెట్రోలు, తిండి, స్పేర్లు మొత్తం బండిమీదే పోవాలి. అక్కణ్ణుంచే వాళ్ళ లెక్క మొదలైంది.

మొదట చేసింది విప్పడం. పైకప్పు తీసేశారు, తలుపులు, ముందు అద్దం తీసేశారు. కంపెనీ ఇచ్చిన ఉక్కు బాడీ స్థానంలో తేలికపాటి చెక్క పెట్టె కట్టించారు. బండి మోయగలిగిన బరువుకు ఒక హద్దుంటుంది, కమాన్ పట్టీలు దాటనివ్వవు. ఆ హద్దులో తలుపు కోసం ఖర్చయ్యే ప్రతి కిలో ఒక లీటరు నీళ్ళకు చోటు లేకుండా చేస్తుంది. ఈ ముక్క నేను ఎంతమందికి చెప్పినా ముందు అర్థం కాదు. యాభై కిలోల ఇనుప బంపరు బిగించిన తర్వాత బండి ముందుభాగం కిందకు దిగుతుంది. దాన్ని లేపడానికి గట్టి కమాన్లు వేస్తారు. గట్టి కమాన్లు వేశాక ఖాళీ బండి రాళ్ళమీద ఎగిరి చక్రం నేల వదిలేస్తుంది. అప్పుడు దానికి మరో సామాను కొంటారు.

ఇక బాగ్నాల్డ్ బిగించిన వాటిలో నాకు అన్నిటికన్నా ఇష్టమైనది రేడియేటర్ నీళ్ళ డబ్బా. మెత్తటి ఇసుకలో తక్కువ గేరులో, వెనక నుంచి గాలి కొడుతుంటే ఇంజను నీళ్ళు మరిగిపోతాయి. ఆ రోజుల్లో ఆవిరి పైనున్న గొట్టం గుండా బయటికి పోయేది, అంతే సంగతులు. మళ్ళీ నీళ్ళు పోయాలి, ఆ నీళ్ళు మనిషి తాగే నీళ్ళలోంచే రావాలి. లైట్ కార్ పెట్రోల్స్ రోజుల్లోనే దీనికి ఉపాయం మొదలైంది, బాగ్నాల్డ్ దాన్ని పక్కాగా చేశాడు. ఆవిరి బయటికి పోయే దారి మూసేసి, రేడియేటర్ పై నుంచి ఒక గొట్టాన్ని ఫుట్‌బోర్డు మీద బిగించిన డబ్బాలోకి దింపాడు. డబ్బాలో సగం వరకు నీళ్ళుంటాయి. ఆవిరి వచ్చి ఆ చల్లని నీళ్ళలో కలిసి నీరైపోతుంది. చాలాసేపటికి డబ్బా కూడా మరిగి చిమ్మడం మొదలుపెడుతుంది. అదే డ్రైవరుకు సూచన. బండిని గాలికి ఎదురు తిప్పి ఆపుకుంటే, ఒకటి రెండు నిమిషాల్లో రేడియేటర్ చల్లబడి, లోపలి ఆవిరి కుంచించుకుపోయి, డబ్బాలోని నీళ్ళను గటగటా వెనక్కి లాగేసుకుంటుంది. అతుకులు గట్టిగా ఉన్నంతకాలం చుక్క వృథా కాదు.

మా షెడ్డులో కొత్తగా చేరిన పిల్లలకు ఇది చెప్పేటప్పుడు నేను ఒక పాత రేడియేటర్ మూత చేతిలో పెడతాను. తిరగేస్తే స్ప్రింగు, దాని కింద వెడల్పాటి రబ్బరు వాషరు కనబడతాయి. వాషరుకు నట్టనడుమ రూపాయి బిళ్ళకన్నా చిన్న రేకు బిళ్ళ ఒకటుంటుంది. గోటితో పట్టి లాగితే కాస్త కిందకు దిగి, వదలగానే టక్కున మూసుకుంటుంది. పెద్ద వాషరు ఒత్తిడి పెరిగినప్పుడు నీళ్ళను పక్కనున్న ప్లాస్టిక్ డబ్బాలోకి పంపుతుంది. ఇంజను చల్లారాక ఈ చిన్న బిళ్ళ తెరుచుకుని ఆ నీళ్ళను వెనక్కి తెస్తుంది. బాగ్నాల్డ్ గొట్టంతో, డబ్బాతో రాబట్టిన పనినే ఇవాళ ఈ మూత చేస్తోంది. ఈ బిళ్ళ తుప్పుపట్టి బిగుసుకుపోతే నీళ్ళు డబ్బాలోకి పోతాయే తప్ప తిరిగి రావు. ఘాట్ రోడ్డెక్కే ముందు వేల రూపాయల లైట్లు కొన్నవాళ్ళు కూడా ఈ మూత విప్పి చూసుకోరు. ఇంజను చల్లారాకే విప్పాలి సుమా.

దిక్కు తెలుసుకోవడానికి బాగ్నాల్డ్ ఎండ దిక్సూచి చేశాడు. అయస్కాంతం ముల్లు బండి ఇనుము పక్కన నిజం చెప్పదు, దాన్ని చూడాలంటే బండి ఆపి దూరంగా నడిచి వెళ్ళాలి. అందుకని డిగ్రీలు గీసిన గుండ్రటి పళ్ళెం మధ్యలో నిలువుగా సన్నని ఊచ పెట్టి డ్రైవరు ఎదుట బిగించాడు. పొద్దు కదిలినకొద్దీ పళ్ళేన్ని పట్టిక ప్రకారం తిప్పుకుంటూ, ఊచ నీడ కావలసిన గీత మీద పడేలా స్టీరింగు పట్టుకుంటే చాలు. బండి ఆపనక్కర్లేదు.

టైర్లలో గాలి తగ్గించడం వాళ్ళు నేర్చిన మరో పాఠం, పైగా దానికి పైసా ఖర్చు లేదు. గాలి తగ్గితే టైరు అడ్డంగా ఉబ్బుతుందని చాలామంది అనుకుంటారు. అసలు లాభం పొడవులో ఉంది. టైరు నేలను తాకే జాగా ముందుకూ వెనక్కూ సాగి, అదే బరువు ఎక్కువ ఇసుక మీద పరుచుకుంటుంది. మన బండ్లలో 32 పాయింట్ల నుంచి 18కి దించితే దిగబడ్డ బండి దానంతటదే పైకొచ్చిన సందర్భాలు నా కళ్ళతో చూశాను. కాకపోతే ఆ గాలితో వేగంగా మలుపు తిప్పితే టైరు రిమ్ము నుంచి ఊడుతుంది, తారు రోడ్డెక్కగానే మళ్ళీ గాలి నింపుకోవాలి. కాబట్టి చిన్న కంప్రెసరు, నమ్మకమైన గాలి మీటరు బంపరుకన్నా ముందు కొనవలసినవి.

ఇసుక దిబ్బలెక్కడం కూడా అలాగే నేర్చుకున్నారు. పైకి గోడలా కనబడే దిబ్బ మీదికి బాగ్నాల్డ్ పూర్తి వేగంతో బండి తోలితే, అది దిగబడకుండా సాఫీగా పైకెక్కింది. గాలివాటున గట్టిపడిన ఇసుక ఎక్కడుంటుంది, జారిపోయే ఇసుక ఎక్కడుంటుంది అని గమనించడం అక్కడ మొదలై, చివరికి అతన్ని శాస్త్రవేత్తను చేసింది. గాలికి ఇసుక ఎలా కదులుతుందో వివరించే పుస్తకాన్ని 1941లో అచ్చువేశాడు. 1944లో రాయల్ సొసైటీ అతన్ని ఫెలోగా ఎన్నుకుంది.

ఈ సొంత సరదా యాత్రల విద్య 1940లో రెండో ప్రపంచ యుద్ధానికి అక్కరకొచ్చింది. ఆ జూన్‌లో ఇటలీ యుద్ధంలోకి దిగగానే బాగ్నాల్డ్ కైరోలో అక్కడి బ్రిటిష్ సేనల అధిపతి జనరల్ వేవెల్‌ను కలిసి, శత్రువు వెనకవైపు ఎడారిలో తిరిగే చిన్న దళం కావాలన్నాడు. ఆరు వారాలు గడువిచ్చారు. అలా పుట్టింది లాంగ్ రేంజ్ డెజర్ట్ గ్రూప్. మొదటి మనుషులు న్యూజిలాండ్ సైనికులు. బండ్లు సైన్యం స్టోర్లలో దొరకలేదు. ఈజిప్టులోని షెవర్లే డీలర్ల దగ్గర కొన్ని, ఈజిప్టు సైన్యాన్ని అడిగి మరికొన్ని, దాదాపు 1,500 కిలోలు మోసే మామూలు లారీలు సంపాదించారు. అవి వెనక చక్రాలు మాత్రమే లాగే బండ్లు. వాటికి పాత జాబితానే వరసగా అమలైంది. తలుపులు, అద్దాలు, కప్పు పోయాయి. బరువుకు తగ్గట్టు కమాన్లలో అదనపు పట్టీలు చేరాయి. నీళ్ళ డబ్బా, ఎండ దిక్సూచి, ఉక్కు దోనెలు వచ్చాయి. వెదురు బద్దలు కుట్టిన కాన్వాసు చాపలు కూడా మోసుకెళ్ళారు.

అసలు పాఠం ఆ తర్వాతి ఏడాది వచ్చింది. 1941లో దళానికి నాలుగు చక్రాలూ లాగే ఫోర్డు లారీలు ఇచ్చారు, వి-ఎయిట్ ఇంజను. కాగితం మీద అన్నివిధాలా మేలైన బండి. ఎడారిలో వాటి ఇంజన్లు వేడెక్కాయి, చల్లదనం కోసం బానెట్లూ ముందు జాలీలూ పీకేసి తిప్పారు. అంతకన్నా పెద్ద బాధ పెట్రోలు. ముందు ఆక్సిలు, ట్రాన్స్‌ఫర్ కేసు బరువు మోయాలి, వాటి రాపిడినీ ఇంజనే భరించాలి. ఎక్కువ పెట్రోలు తాగే బండి ఎక్కువ పెట్రోలు మోయాలి, ఆ బరువుకు మళ్ళీ పెట్రోలు కాలుతుంది. వందల మైళ్ళు బంకు లేని చోట అంతే మేరకు దళం వెళ్ళగలిగే దూరం తగ్గిపోయింది. 1942లో కెనడాలో తయారైన కొత్త షెవర్లేలు వచ్చినప్పుడు మళ్ళీ రెండు చక్రాలు లాగే బండ్లకే తిరిగి వెళ్ళారు, ఈసారి వెడల్పాటి ఇసుక టైర్లతో. ఆ ఏడాదే ఇండియన్ లాంగ్ రేంజ్ స్క్వాడ్రన్ కూడా వచ్చి వాళ్ళతో కలిసింది. జాట్లు, ముస్లింలు, రాజపుత్రులు, సిక్కులు, నాలుగు దళాలుగా మనవాళ్ళు ఆ ఎడారిలో అవే పద్ధతుల్లో బండ్లు తోలారు. దీన్ని మన దగ్గర ఎవరూ తలుచుకోకపోవడం నాకు బాధ.

ఫోర్‌ బై ఫోర్ వద్దని నేను చెప్పడం లేదు. వానాకాలంలో మన ఏజెన్సీ కొండల ఎర్రమట్టి మీద రెండు చక్రాల బండితో ఎక్కబోతే పక్కకు జారి లోయ వైపు పోతుంది. అక్కడ దూరం పది కిలోమీటర్లే, పెట్రోలు సమస్యే కాదు, పట్టు కావాలి. అందుకే పాడేరు వైపు జీపు డ్రైవర్లు ముందు చక్రాల గేరు పని చేస్తుందా అని చూసుకుంటారు, చెక్కదిమ్మ ఒకటి కాళ్ళ దగ్గర పెట్టుకుంటారు, వాలులో ఆగగానే చక్రం వెనక వేయడానికి. ఇసుకలో గెలిచిన బండి బురదలో ఓడిపోతుంది. నేల ఏది అడిగితే అది ఇవ్వాలి.

పెట్రోలు డబ్బా గురించి కూడా చెప్పాలి. బ్రిటిష్‌వాళ్ళు పెట్రోలును నాలుగు గ్యాలన్ల పల్చటి రేకు డబ్బాల్లో మోసేవారు. కుదుపులకు అతుకులు విడిపోయి లారీ నిండా కారేది. ఖాళీ అయ్యాక కోసి, ఇసుకా పెట్రోలూ పోసి టీ కాచుకునే పొయ్యిగా వాడుకునేవాళ్ళు, దానికి మాత్రం బాగా పనికొచ్చేది. జర్మన్ల దగ్గర 1937లో రూపొందిన 20 లీటర్ల డబ్బా ఉండేది. పైన మూడు పిడులు ఉండటంతో ఒక్కడే చేతికి రెండేసి ఖాళీ డబ్బాలు పట్టుకోవచ్చు, నిండుదాన్ని ఇద్దరు కలిసి మోయవచ్చు. మరమూత కాకుండా నొక్కితే బిగిసే మీట మూత. పైన గాలికి చోటు వదలడం వల్ల ఎండకు పెట్రోలు పొంగినా పగలదు, నీళ్ళలో పడితే తేలుతుంది. పట్టుబడిన ఆ డబ్బాలను బ్రిటిష్ సైనికులు బంగారంలా దాచుకున్నారు, చివరికి మిత్రదేశాలన్నీ దాన్నే అచ్చు దించాయి. 1942లో ఎడారికి వచ్చిన విలీస్ జీపుల ఫొటోలు చూస్తే ఆ డబ్బాలు ఒంటినిండా కనిపిస్తాయి. దాడి దళాలవాళ్ళు ఆ జీపుల ముందు జాలీ కడ్డీలను కూడా కోసేశారు, రేడియేటర్‌కు గాలి తగలడానికి. ఈ రోజు అదే జాలీని అందం కోసం నల్లరంగు వేసి మూసేస్తున్నారు.

యుద్ధం ముగిశాక మిగిలిన జీపులు వేలంలో జనం చేతికొచ్చాయి. అప్పుడే సామాన్ల వ్యాపారం పుట్టింది. అమెరికాలో ఆర్థర్ వార్న్ 1948లో లాకింగ్ హబ్బులు చేశాడు. తారు రోడ్డు మీద ముందు చక్రాలను ఆక్సిలు నుంచి విడదీస్తే, లోపలి గేర్లు ఊరికే తిరగవు, ఇంధనం ఆదా. ఫోర్డు లారీలు ఎడారిలో చూపించిన జబ్బుకు ఇది మందు. 1959లో అతని కంపెనీ, దిగబడ్డ బండిని తాడు చుట్టి లాగే కరెంటు విన్చ్ తెచ్చింది. మన దేశంలో మహీంద్రావాళ్ళు 1940ల చివర విలీస్ జీపులు బిగించడం మొదలుపెట్టారు, వాటి వారసత్వపు బండ్లే నా షెడ్డుకు అన్నం పెట్టాయి.

ప్రస్తుతం స్పితి వెళ్ళబోయే ఒక అబ్బాయి థార్ నా దగ్గరుంది. ముందు సామాను, మనుషులతో సహా కాటాకు తీసుకెళ్ళి తూచాం. నెత్తిన క్యారియర్ దింపించాను, ఆ ఎత్తులో బరువుంటే పక్కవాలులో బండి ఒరుగుతుంది. చాసిస్‌కు ముందూ వెనకా నమ్మకమైన కొక్కేలు, మంచి తాడు, కంప్రెసరు, పార, రెండు పలకలు, కొత్త రేడియేటర్ మూత, హోసు గొట్టాలు అయ్యాయి. లైట్ల వరస మానుకున్నాడు, ఆ డబ్బు టైర్లకు పెట్టాడు. విన్చ్ మాత్రం ఇంకా తేలలేదు. ముప్పై నలభై కిలోలు ముందు ఆక్సిలు మీద పడుతుంది. ఒంటరి బండైతే పెట్టక తప్పదు, బాగ్నాల్డ్‌లా ఇంకో బండి తోడుంటే తాడు చాలు. వెంట వస్తానన్న స్నేహితుడు ఆదివారంలోగా చెప్తానన్నాడట.